అక్షరాభ్యాసమునకు పూర్వము

(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ప్రసంగ పాఠము)



గ్రంథాలయోత్సవములలో సాధారణముగా చదువు వచ్చినవారిని గూర్చియే ప్రసంగములు జరుగుచుండును. కవుల ప్రస్తావన, పండితుల ప్రస్తావన, పాఠకుల ప్రస్తావన లేని సభ లేదు. కాని అదే సభలో తల్లుల ఒడిలో నిద్రించుచు, నడుమ నడుమ మేల్కొని యేడ్చి ఉపన్యాసకులకు అంతరాయము కలిగించు చిన్నవారిని గూర్చి ఎవ్వరును మాటాడరు. నేటి విషయము వారే. పుట్టిన దినము మొదలు మూడేండ్లు నిండువరకు శిశువు నేర్చునదేమి, ఎట్లు నేర్చును, ఆ నేర్పునకు పెద్దలవలన కలుగు మేలెంత, కీడెంత అనునది తీరికగా విచారింపదగినది.

తెలుగు ఇండ్లలో బిడ్డకు మూడవయేటనో అయిదవయేటనో మంచిదినము చూచి, పలకమీద అక్షరములు దిద్దించి, ఆనాటితో చదువు మొదలైనదని సంతోషింతురు. అంతకు పూర్వము గడచినదంతయు తినుట, నిద్రించుట, ఏడ్చుట అని తలంపు. "పసివాడు, వానికేమి తెలియును?" అను మాట ఏ గడపలోనైనను వినవచ్చును. గత డెబ్బది సంవత్సరములలో పలు దేశముల శాస్త్రజ్ఞులు ఓపికతో జరిపిన పరీక్షలు ఈ మాటను తలక్రిందులు చేసినవి. పలక చేత బట్టునాటికి బిడ్డ అత్యంత కఠినమైన పాఠములను గురువు లేకయే ముగించి, ఊపిరి తీసికొనుచుండును.

పుట్టిననాడు శిశువు మెదడు తూకము పెద్దవారి మెదడులో ఇంచుమించు నాలుగవ వంతు. రెండేండ్లు నిండునప్పటికి అది ముప్పాతికకు చేరును. కాలుసేతుల పెరుగుదల కంటికి గానవచ్చును గనుక చొక్కా పొట్టియైనదని తల్లి గుర్తించును. ఈ పెరుగుదల కంటికి గానరాదు. కనుకనే దీని పద్దు ఎవరును వ్రాసికొనరు.

గర్భములోనే శిశువు వినునను మాట భారతీయులకు క్రొత్త కాదు. అభిమన్యుడు తల్లి కడుపులో నుండగా పద్మవ్యూహ ప్రవేశమును విన్నాడనియు, ప్రహ్లాదుడు గర్భస్థుడై నారదుని బోధ గ్రహించినాడనియు పెద్దలు చెప్పగా వినని వారుండరు. ఈ కథలు నిజమా యని అడుగువానికి సగము నిజమని సమాధానము చెప్పవలసియున్నది. ఆరవ మాసము దాటిన పిమ్మట గర్భస్థ శిశువునకు శబ్దము వినబడును. 1980లో అమెరికా దేశమున డికాస్పరు, ఫైఫరు అను ఇరువురు శాస్త్రజ్ఞులు పుట్టి మూడు దినములైనను నిండని శిశువుల నోట రబ్బరు పాలతిత్తి నుంచి, వారు చప్పరించు తీరును బట్టి తల్లి గొంతో పరస్త్రీ గొంతో వినబడునట్లు యంత్రము నమర్చిరి. శిశువులు చప్పరించు లయను మార్చుకొని తల్లి గొంతును తెప్పించుకొనిరి. 1986లో డికాస్పరు, స్పెన్సు అను వారు మరియొక పరీక్ష గావించిరి. నెలలు నిండుచున్న తల్లులచేత ఒకే కథను ప్రతిదినము బిగ్గరగా చదివించిరి. ప్రసవానంతరము ఆ కథను వేరొక స్త్రీ చదివినను శిశువులు దానినే కోరి వినిరి. శిశువునకు కథ అర్థమైనదని దీని తాత్పర్యము కాదు. వ్యూహభేదనము దానికి పట్టుబడదు. పట్టుబడినది నడక, అనగా గొంతులోని ఎత్తుపల్లములు, మాట సాగు లయ. పద్యము అర్థము కాకున్నను చదువు రాగమును బట్టి ఇది సీసమా, కందమా యని పోల్చుకొను పామరుడు ఉన్నాడు గదా. పురిటి గదిలోని శిశువు ఆ కోవకు చెందిన రసికుడు.

మాట రాని శిశువు మనసులోని సంగతి పరులకెట్లు తెలియునని సందేహము కలుగవచ్చును. సాక్షి నోరు విప్పనప్పుడు తెలిసినవారు గట్టునకు పోయి, రాయి పాతిన చోటును, అడుగుల జాడను చూచి నిజము గ్రహింతురు. శాస్త్రజ్ఞులును అట్లే చేసిరి. శిశువు చప్పరించు తీరు, చూపు నిలుపు కాలము, తల త్రిప్పు దిక్కు, ఈ మూడే వారి సాక్ష్యములు. చూచినదానినే చూచిన శిశువు విసిగి చూపు మరల్చును. క్రొత్తదనము తోచిన మరల చూచును. ఇంతటి చిన్న ఆధారముపై ఒక శాస్త్రము నిలిచినది.

ఆ సాక్ష్యములలో తెలుగువారికి మిక్కిలి సన్నిహితమైనది ఒకటి కలదు. దానిని గూర్చి కొంత విస్తరించుట యుక్తము.

తెలుగున 'పాట' వేరు, 'పాత' వేరు. 'కోట' వేరు, 'కోత' వేరు. 'మాట'కును 'మాత'కును భేద మెరుగని బిడ్డ ఈ నేలపై లేదు. నాలుక కొన పంటికి తగిలిన తకారము. వెనుకకు మడిగి అంగిలిని తాకిన టకారము. వ్యాకరణము చదివినవారు దంత్యమనియు, మూర్ధన్యమనియు పేర్లు పెట్టుదురు. ఆంగ్లము మాత్రమే యెరిగిన పెద్దవాని చెవికి ఈ రెండును ఇంచుమించు ఒక్కటే. ఎంత చదువుకొన్న వాడైనను పలుమార్లు విన్నగాని భేదము తెలిసికొనజాలడు. హిందీలోను ఈ రెండు వర్ణములకు ఇదే భేదము కలదు.

కెనడా దేశమున జానెట్ వెర్కరు, రిచర్డు టీసు అను శాస్త్రజ్ఞులు ఆంగ్లమే మాటాడు ఇండ్లలోని శిశువులకు ఈ హిందీ వర్ణములను వినిపించిరి. ఒకే వర్ణము మరల మరల వినబడుచుండును. నడుమ వర్ణము మారును. మార్పును గుర్తించి శిశువు తల త్రిప్పినచో ఒక పెట్టెలో దీపము వెలిగి ఆటబొమ్మ కనబడును. ఈ బహుమానమునకై శిశువు చెవి యొగ్గి కూర్చుండును. 1984లో వారు ప్రకటించిన ఫలితము వింతయైనది. ఆరు మొదలు ఎనిమిది మాసముల ప్రాయమున ఆంగ్ల గృహముల శిశువులు, తల్లిదండ్రులకే తెలియని త, ట భేదమును చక్కగా గుర్తించిరి. ఎనిమిది మొదలు పది మాసములవారిలో గుర్తించువారు తగ్గిరి. పది మొదలు పండ్రెండు మాసములవారిలో బహు కొలదిమందియే మిగిలిరి. హిందీ మాటాడు ఇండ్ల శిశువులు మాత్రము ఏడాది నిండవచ్చుచున్నను ఆ శక్తిని నిలుపుకొనిరి.

అనగా పుట్టుకతో శిశువు ఏ దేశమువాడును కాదు. పలు దేశముల భాషలలోని సూక్ష్మ భేదములు వాని చెవికి అందుచుండును. తరువాత తన చుట్టు వినబడు భాషకు పనికివచ్చు సరిహద్దు రాళ్లను మాత్రము నిలిపి, తక్కినవానిని పెరికివేయును. ఇది లోపము కాదు, నేర్పు. చేనిలో కలుపు తీయనివాడు పైరు పండింపలేనట్లు, అక్కరలేని భేదములను విడువనివాడు మాటను వేగముగా పట్టుకొనలేడు. పెద్దయైన తరువాత ఆ రాళ్లను మరల పాతుట అసాధ్యము కాదు గాని చెమటోడ్చవలసిన పని.

దీనినిబట్టి యోచింపవలసిన విషయ మొకటి కలదు. బిడ్డ చెవి తెలుగు చెవియగుట మొదటి సంవత్సరముననే జరుగుచున్నది. తెనాలిలో పెరిగినను, టెక్సాసులో పెరిగినను, ఆ యేడాది యింట తెలుగు వినబడినదా లేదా అనునదే లెక్క. బిడ్డకు ఆంగ్లము వేగముగా రావలెనని ఊయలలోని శిశువుతో తమకే సరిగా రాని ఆంగ్లమును మాటాడు తల్లిదండ్రులు పట్టణములలో కలరు. పల్లెలకును ఈ వేడుక ప్రాకుచున్నది. రెండు భాషలు విన్న శిశువు తికమకపడునను భయమునకు ఆధారము లేదు. రెంటిని రెంటిగానే పెంచుకొనగలదు. అట్లగుటచే ఆంగ్లమునకై తెలుగును మానుట నిష్ప్రయోజనము. పైగా తమ సొంత భాషలో తల్లిదండ్రులు పలుకగల కథలు, వేళాకోళములు, పొలము మాటలు, వంటింటి మాటలు బిడ్డకు దక్కకుండ పోవును.

వర్ణములు తెలిసిన చాలదు, మాటలను విడదీయవలెను. పుస్తకములో పదమునకును పదమునకును నడుమ ఖాళీ యుండును. నోటి మాటలో ఉండదు. 'అమ్మెక్కడున్నది' అన్నపుడు 'అమ్మ' ఎచట ముగిసినది, 'ఎక్కడ' ఎచట మొదలైనది? పరవస్తు చిన్నయసూరి 1858లో బాలవ్యాకరణమును రచించి సంధులను సూత్రీకరించినాడు. పేరు బాలవ్యాకరణమే గాని దానిని చదువుటకు పెద్దలే జంకుదురు. నిజమైన బాలుడు ఆ సంధులను ఏడెనిమిది మాసముల ప్రాయముననే విడదీయ మొదలిడుచున్నాడు. 1996లో జెన్నీ శాఫ్రను, ఆమె సహచరులు ఎనిమిది మాసముల శిశువులకు అర్థము లేని మాటలను వినిపించిరి. మూడేసి అక్షరముల మాటలు నాలుగు. వాటిని ముందువెనుకలు మార్చి, ఎచటను ఆగక, ఎత్తుపల్లములు లేని యంత్రపు గొంతుతో రెండు నిమిషములు మాత్రము పలికించిరి. ఆ రెండు నిమిషములలో శిశువులు మాటల హద్దులను గుర్తుపట్టిరి. ఏ యక్షరము వెంట ఏ యక్షరము తరచుగా వచ్చుచున్నది, ఏది అరుదుగా వచ్చుచున్నది అని వారు లోలోపల లెక్కించుటయే దీనికి కారణమని శాస్త్రజ్ఞులు తేల్చిరి. చిట్టాయు, కలమును లేని గణకుడు ఊయలలో పండుకొనియున్నాడన్నమాట. 1992లో కారెను విన్ను అను నామె అయిదు మాసముల శిశువు ఒక బొమ్మకు మరియొక బొమ్మ చేర్చిన రెండగునని ఎరుగునని పరీక్షించి చెప్పినది గాని, ఆ లెక్కపై ఇంకను వాదములు జరుగుచున్నవి. కనుక దానిని ఇంతటితో విడుచుట మేలు.

ఇట్టి శిశువునకు మాటయే వినబడకున్న ఏమగును? ఈ ప్రశ్న చక్రవర్తులను కూడ కలచినది. అక్బరు పాదుషా 16వ శతాబ్దిలో కొందరు పసిబిడ్డలను ఒక భవనములో ఉంచి, వారి యెదుట ఎవరును మాటాడరాదని ఆజ్ఞాపించినాడు. మానవునకు సహజమైన భాష యేదో తెలిసికొనవలెనని ఆయన కోరిక. కొన్ని సంవత్సరములకు పోయి చూడగా ఆ బిడ్డలకు ఏ భాషయు రాలేదు. వట్టి మూగలై యుండిరి. ఆ భవనమునకు గుంగ్ మహలు, అనగా మూగల మేడ, అని పేరు వచ్చినది. అక్బరు ఎంతటి ఉదారుడైనను ఈ పని క్షమింపరానిది. అయితే చిన్న చిన్న మూగమేడలు అన్ని కాలములలోను, అన్ని ఊళ్లలోను ఉండుచున్నవి. కడుపునిండ పాలు పోసి, కాటుక దిద్ది, ఊయలలో వేసి, "అల్లరి చేయడు, బంగారుకొండ" అని రోజంతయు పలుకరింపక విడిచిన యిల్లు అట్టిదే.

ఇప్పుడు ఆ మేడకు క్రొత్త రూపము వచ్చినది. బిడ్డ ఏడ్చిన సెల్‌ఫోను చేతికిత్తురు. అన్నము తినకున్న బొమ్మల వీడియో చూపుదురు. మాటలు దండిగా వినబడుచున్నవి గదా, నష్టమేమని వారి వాదము. ఈ వాదమునకు 2003లో సమాధానము దొరికినది. సియాటిలు నగరమున పాట్రీషియా కూలు అను శాస్త్రజ్ఞురాలు తొమ్మిది మాసముల అమెరికా శిశువులను కొన్ని జట్లుగా విభజించినది. ఒక జట్టుతో చీనాభాష మాటాడు మనుష్యులు ఎదురుగా కూర్చుండి, పుస్తకములు చదువుచు, బొమ్మలతో ఆడించుచు 12 పర్యాయములు, పర్యాయమునకు సుమారు 25 నిమిషముల చొప్పున గడపిరి. మరియొక జట్టునకు అవే మాటలను, ఆ మనుష్యులనే, టెలివిజనులో చూపిరి. వేరొక జట్టునకు గొంతు మాత్రమే వినిపించిరి. మనిషి ఎదుట కూర్చున్న జట్టు ఆ చీనా వర్ణముల భేదమును పట్టుకొన్నది. టెలివిజను చూచిన జట్టునకును, గొంతు మాత్రము విన్న జట్టునకును ఏమియు అబ్బలేదు. అదే మాట, అదే మొగము, అంతే కాలము. మధ్య గాజుపలక వచ్చినంతనే పాఠము శూన్యము.

కారణమేమి? శిశువు చూచిన దిక్కునకు మనిషి చూచును. శిశువు "ఊ" అన్న మనిషి "ఆ, ఏమి నాయనా" అనును. బంతి వంక చేయి చాచిన "బంతి కావలెనా తల్లీ" అని అడుగును. బిడ్డ మనసు ఎచట నిలిచినదో అచటనే మాట వచ్చి చేరును. వీడియోకు బిడ్డ ఎటు చూచుచున్నదో తెలియదు. బిడ్డ నవ్వినను ఏడ్చినను దాని దారి దానిదే. దీనికి ఒక నిదర్శనము కలదు. 2014లో రెండేండ్లు దాటిన పిల్లలపై జరిగిన పరీక్షలో, ఎదుటివారు తెరమీదనే యున్నను అప్పటికప్పుడు పిల్లవానిని చూచుచు, వాని మాటకు బదులిచ్చుచు మాటాడినచో క్రొత్త క్రియాపదములను నేర్చుకొనిరి. ముందుగా తీసియుంచిన వీడియోవలన నేర్చుకొనలేదు. కనుక విదేశముననున్న మనుమనితో ఫోనులో ముఖము చూచుచు ముచ్చటించు తాతలును, అవ్వలును దిగులు పడనక్కరలేదు. వారి మాట వ్యర్థము కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన సూచనలలో ఏడాది నిండని శిశువులకు తెర వలదనియు, రెండవ యేటను వలదనియే, ఆ పిమ్మట అయిదేండ్లలోపు వారికి దినమునకు గంట మించరాదనియు చెప్పినది.

బిడ్డ చేతిలోని ఫోనుకన్న తల్లిదండ్రుల చేతిలోని ఫోను తక్కువ చెరుపు చేయునా యని అడిగినచో, ఎడ్వర్డు ట్రానిక్కు 1978లో ప్రకటించిన పరీక్షను స్మరింపవలసియుండును. తల్లి శిశువుతో నవ్వుచు మాటాడుచుండి, హఠాత్తుగా మొగమున ఏ భావమును లేక కొలది నిమిషములు కదలక చూచుచుండవలెను. శిశువు మొదట నవ్వి చూచును, చేతులు చాచును, కేక వేయును. ఏమి చేసినను తల్లి పలుకకున్న, తుదకు మొగము త్రిప్పుకొని క్రుంగిపోవును. ఆ పరీక్ష కాలమున చేతి ఫోనులు లేవు. నేడు ఆ రాతిమొగము ప్రతి అరుగుమీదను కానవచ్చుచున్నది.

చెవినిగూర్చి ఇంత చెప్పిన పిదప చేతినిగూర్చి కొంత చెప్పకున్న న్యాయము కాదు. స్విట్జర్లాండు దేశీయుడు జీను పియాజే (1896–1980) తన ముగ్గురు బిడ్డలను పుట్టిననాటినుండి పరిశీలించి, వారి చేష్టలను దినచర్యగా వ్రాసి, శిశుబుద్ధిని గూర్చి మహాగ్రంథములు వెలయించెను. గిలక్కాయను గుడ్డక్రింద దాచినచో చిన్న శిశువు వెదకదు. ఎనిమిదవ మాసము దాటిన పిదపనే గుడ్డ తొలగించి తీసికొనును. కనబడని వస్తువు కూడ ఉండునను తెలివి అప్పుడు కలుగుచున్నదని పియాజే చెప్పెను. తరువాత 1980 తరువాతి దశాబ్దమున రెనీ బయార్జాను చేతినిగాక చూపును సాక్ష్యముగా గైకొని, నాలుగు మాసముల ప్రాయముననే ఆ యెరుక కొంత యున్నదని చూపినది. చేతికి రాని తెలివి కంటిలో ముందుగా ఉన్నదన్నమాట. ఈ వివాదము పండితులది. పల్లెలోని అవ్వలకు కావలసిన అంశము వేరు: కొంగు మొగమునకు అడ్డుపెట్టి, తీసి, పకపక నవ్వించు దోబూచులాట కేవలము కాలక్షేపము కాదు. లేదనుకొన్నది ఉన్నదని, పోయినది తిరిగివచ్చునని బిడ్డ నేర్చు పాఠమది. తల్లి పొలమునకు పోయి సాయంకాలము తిరిగివచ్చును గదా. ఆ నమ్మకమునకు కొంగుచాటు ఆట పునాది.

ఊయలకు చిలుకలు కట్టుట కూడ అట్టిదే. కరొలిను రోవీ-కోలియరు అను నామె మూడు మాసముల శిశువు కాలికి పట్టుదారము కట్టి, రెండవ కొనను ఊయలపైని బొమ్మలగుత్తికి కట్టినది. కాలు తన్నినచో బొమ్మలు కదలునని శిశువు కొలది నిమిషములలో కనిపెట్టినది. వారము దినముల తరువాత ఆ బొమ్మలను చూడగానే మరల తన్ననారంభించినది. పసివారికి జ్ఞాపకమెక్కడిదనువారు ఇది వినవలెను.

దోగాడు బిడ్డ దొరకినదెల్ల నోట పెట్టుకొనును. తప్పటడుగుల బిడ్డ గిన్నె క్రింద పడవేయును, ఎత్తి ఇచ్చిన మరల పడవేయును. తల్లి విసుగుకొనును. గిన్నె ప్రతిసారి క్రిందికే పడునా, శబ్దము ఒకటే వచ్చునా, అమ్మ ప్రతిసారి ఎత్తునా అని బిడ్డ పరీక్షించుచున్నది. మన్ను తిన్న కృష్ణుని కథను భక్తితో వినువారు, ఇంటి కృష్ణుడు మన్ను ముట్టిన వీపు చరచుదురు. మన్ను తిననీయరాదు, నిజమే. కాని కొబ్బరిచిప్ప, చెక్కగరిటె, సత్తుమూత, లక్కపిడత, వీనిని చేతికందనీయుటకు ఖర్చేమి?

ఇచట బూచిని గూర్చి ఒక మాట. 1985లో జేమ్సు సోర్సు, ఆయన సహచరులు ఏడాది ప్రాయపు శిశువులను గాజు పరచిన బల్లపై విడిచిరి. గాజు క్రింద అడుగు లోతున్నట్లు కనబడును. ఆవలి కొనయందు తల్లి నిలిచియుండును. తల్లి నవ్వుమొగముతో నున్నప్పుడు 19 మందిలో 14 మంది ఆ లోతు కనబడు చోటును దాటి పోయిరి. తల్లి భయము నటించినపుడు 17 మందిలో ఒక్కరును దాటలేదు. ఏడాది బిడ్డకు తల్లి మొగమే పుస్తకము. తెలియనిది ఎదురైనపుడు ముందుగా అందులో చూచి చదువుకొనును. అన్నము తినుటకు బూచి, నిద్రించుటకు బూచి, చీకటికి బూచి యని భయపెట్టు పెద్దలు, ఆ పుస్తకములో ఏమి అచ్చువేయుచున్నారో యోచింపకున్నారు.

ఇదంతయు తీరిక కలిగిన యిండ్ల సంగతి, నాట్లకును కలుపులకును పోవు తల్లికి దోబూచులాడు తీరిక యెక్కడిదని ఒక ఆక్షేపణ రావచ్చును. ఆక్షేపణ సరియైనదే. దానికి సమాధానము పుస్తకములలో గాక జమైకా దీవిలోని కింగ్‌స్టను పట్టణపు బీదవాడలలో దొరకినది. అచట శాలీ గ్రాంథము-మెక్‌గ్రిగరు అను వైద్యురాలు తన సహచరులతో, తిండి చాలక ఎదుగుదల కుంటువడిన 129 మంది శిశువులను ఎన్నుకొనెను. వారి వయస్సు తొమ్మిది మొదలు ఇరువది నాలుగు మాసములు. కొందరికి వారమునకు కిలో పాలపొడి ఆహారమిచ్చిరి. కొందరి యింటికి వారమునకొక గంట ఆరోగ్య కార్యకర్త పోయి, పారవేయు వస్తువులతో చేసిన బొమ్మలతో బిడ్డను ఆడించుట, మాటాడించుట తల్లికి నేర్పినది. కొందరికి రెండును. కొందరికి ఏదియును లేదు. ఇట్లు రెండేండ్లు. 1991లో ప్రకటించిన ఫలితములలో పాలవలనను మేలు కలిగినది, ఆటవలనను కలిగినది. రెండును పొందినవారు ఎదుగుదల కుంటుపడని పిల్లలతో ఇంచుమించు సమముగా తేలిరి. ఆ పిల్లలు పెద్దవారై ఇరువది రెండేండ్ల ప్రాయమునకు రాగా మరల విచారించిరి. ఆట నేర్చిన జట్టు సంపాదన, నేర్వని జట్టు సంపాదనకన్న నూటికి 25 వంతులు హెచ్చుగా నున్నదని 2014లో తేల్చిరి. పాలవలన కలిగిన మేలు మాత్రము అంతకాలము నిలువలేదు.

వారమునకొక గంట, పారవేసిన డబ్బాలు, మాటాడు తల్లి. ఇంత స్వల్పమైన పెట్టుబడికి ఇంత రాబడి ఏ భూమిలో వచ్చును? అట్లని పాలు వలదనుట కాదు. ఉప్పులో అయోడిను లేకున్నను, ఒంటిలో ఇనుము తక్కువైనను బిడ్డ బుద్ధి మందగించును. ఆకలిగొన్న బిడ్డ ఆడదు. గాంధీ జయంతినాడు, 1975 అక్టోబరు 2న, సమగ్ర శిశు అభివృద్ధి పథకము 33 చోట్ల ఆరంభమైనది. నేటి అంగన్‌వాడీలు దాని ఫలము. అచట పెట్టు గుడ్డునకును పాలకును ఊరివారు లెక్క అడుగుదురు, మంచిదే. అచట బిడ్డలతో ఎంతసేపు మాటాడిరి, ఏమి ఆట ఆడించిరి అను లెక్కను కూడ అడుగవలెను. పొలమునకు పోవు తల్లి బిడ్డను అవ్వకో అక్కకో అప్పగించును. తల్లియే కానక్కరలేదు, బిడ్డ మొగము చూచి మాటాడు మనిషి యెవరైనను చాలును. పశువులను తోలుకొని వచ్చిన తాత, "ఏమిరా, నేడేమి రాజకార్యములు వెలగబెట్టితివి" అని పది మాసముల మనుమని విచారించి, వాడు "బ బ బ" యన్నంతసేపు తల యూచి వినుట ఉత్తమమైన విద్యాబోధ.

ఒక సంగతి మాత్రము ఉపేక్షింపరానిది. ఆరు మాసములు నిండినను పిలిచిన దిక్కునకు తిరుగని బిడ్డ, పళ్లెము పడిన చప్పుడునకు ఉలికిపడని బిడ్డ, ఏడాది దాటినను వ్రేలు చూపి అడుగని బిడ్డ, ఏడాదిన్నరకును ఒక్క మాట పలుకని బిడ్డ ఇంటనున్నచో, "మా వంశములో అందరికిని మాటలు ఆలస్యమే" అని కూర్చుండరాదు. చెవి వినబడునో లేదో ముందుగా తేల్చుకొనవలెను. చెవుడు ఆరు మాసములలోపుననే తెలిసి తగిన సాయము అందిన బిడ్డలు, ఆలస్యముగా తెలిసినవారికన్న భాషలో ఎంతో ముందుందురని 1998లో ప్రకటింపబడిన అమెరికా పరిశోధన చూపినది. చెవికి యంత్రము కావచ్చును, చేతి సంజ్ఞల భాష కావచ్చును. ఏదో ఒక భాష వేళకు అందవలెను. 2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద బిడ్డల చెవిని, చూపును, ఎదుగుదలను పరీక్షించు ఏర్పాటు కలదు. అంగన్‌వాడీకి వైద్యబృందము వచ్చిననాడు బిడ్డను దాచువారు కలరు. ఊరిలో పేరు పడునని వారి భయము. ఆ భయము ఖరీదు బిడ్డ చెల్లించును.

ఇక పుస్తకమునకు వత్తము. ఏడాదిన్నర బిడ్డకు పుస్తకమెందుకు, చింపివేయును గదా యని ప్రశ్న. 1988లో గ్రోవరు వైట్‌హర్‌స్టు అను శాస్త్రజ్ఞుడు న్యూయార్కు ప్రాంతమున రెండు మూడేండ్ల పిల్లల తల్లిదండ్రులకు ఒక చిన్న మార్పు నేర్పెను. పుస్తకమును పిల్లలకు చదివి వినిపించుట మాని, వారిచేత చెప్పించుడని. "ఇది ఏమి?", "ఏమి చేయుచున్నది?", "అట్లేల పరుగిడుచున్నది?" అని అడిగి, వారు ఒక మాట చెప్పిన దానికి రెండు మాటలు చేర్చి తిరిగి చెప్పుట. నెల దినములలో ఆ పిల్లలు, మామూలుగా చదివి వినిపించిన పిల్లలకన్న మాటలలో కొన్ని నెలలు ముందుకు పోయిరి. దీనికి అక్షరము వచ్చిన తల్లియే కావలెనను నియమము లేదు. బొమ్మ చూచి కథ చెప్పుటకు నిశానీ వేయు అవ్వయు చాలును. ఆమెకు రాని కథ లేదు. పిల్లలు ఒకే కథను పదిమార్లు అడుగుదురు; ఒక్క మాట మార్చినను ఊరుకొనరు. అది మొండితనము కాదు, పాఠమును వల్లె వేయుట.

గ్రంథాలయములలో పుస్తకములు అద్దపు బీరువాలలో, పెద్దల చేతి యెత్తున ఉండుట ఆచారము. చందాదారుల పట్టీలో ఆరేండ్లలోపు వారి పేరు ఉండదు. రజతోత్సవ సందర్భమున సంఘమువారు ఒక చిన్న ఏర్పాటు చేయవచ్చును. దోగాడు బిడ్డ చేతికందునట్లు నేలమట్టమున ఒక పలక. దానిపై గట్టి అట్టల బొమ్మల పుస్తకములు ఇరువదియో ముప్పదియో. వారమునకు ఒకటిరెండు దినములు, కూలిపనులనుండి తిరిగివచ్చు వేళకు, ఒక చాప. పుస్తకమును ఇంటికి కొనిపోవుటకు తల్లి చందాదారు కానక్కరలేదని నియమము సవరింపవలెను. పుస్తకములు చినుగును, తడియును, కొన్నిటి మూలలు నమలబడును. వీనిని నష్టపు పద్దు క్రింద వ్రాసి పూచీదారును వెదకక, దీపపు చమురు వలెనే వాడుక ఖర్చు క్రింద వ్రాయవచ్చును. తనిఖీదారులు ఆక్షేపించినచో సంఘ తీర్మానమును చూపవచ్చును. చాపమీద కూర్చుండి కథ చెప్పుటకు మొదటి వారమునకు ఇద్దరు అవ్వలు ఒప్పుకొనిన చాలును. వారి పేర్లను ఈ సభ ముగియులోపుననే వ్రాసికొనుట మంచిది.